ఆరో లంక గుమ్మం చేపలు

మృగశిర మొదలు. ఈదురుగాలి, వాన లేదు

లేవగానే ఇంటి కింద పీపాలు తట్టి చూశాను. అన్నీ బోలుగానే మోగాయి. మూల పీపా మోత కాస్త బరువుగా అనిపించి మళ్ళీ వెళ్ళి తట్టాను. నీరు చేరిందేమో. చేరితే ఇల్లు ఒరుగుతుంది, ఒరిగితే పక్కింటి తాడు తెగుతుంది. మధ్యాహ్నం దాకా అదే దిగులు. ఐదు లంకలూ నీళ్ళలోకి పోయాక కట్టుకున్న ఊరు మాది. పేరు కూడా ఆరో లంక అనే పెట్టారు. పీపాల మీద తేలే ఊళ్ళో పీపా గురించి దిగులు పడకపోతే దేని గురించి పడాలి.

గుమ్మం కావలి నాది. ఊరి చుట్టూ మంచినీళ్ళ కాలువ, దాని మీద ఒకే ఒక్క బల్ల. లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా దాని మీదే నడవాలి. బల్ల మీదికి మడచెట్ల కొమ్మలు వంగి ఉంటాయి, కింద చిమ్ముడు చేపలుంటాయి. అరచేయంత చేప, వెండి ఒంటి మీద నల్ల మచ్చలు. నీళ్ళ అంచుకు మూతి ఆనించి నిలబడుతుంది. కొమ్మ మీద చీమో మిడతో కనబడితే నోట్లో నీళ్ళు దారంలా చిమ్మి కొడుతుంది. పురుగు నీళ్ళలో పడేసరికి ఆ చోట చేప ఉంటుంది.

ఇవాళ మెట్ట వైపు నుంచి ఒకామె తెప్ప మీద వచ్చింది. పేరు లోవమ్మ. నలభై దాటి ఉంటుంది. ఒక మూట, ఒక చాప, ఎవరూ లేరు. సత్తిరాజు గారు, అంటే మా ఊరి పెద్ద, ఆమెను కాలువ బయట కట్టేసి ఉన్న పంటు పడవ మీద ఉండమన్నారు. పొద్దున్నే బల్ల దాటి వచ్చి పని చేసుకోవచ్చు, చీకటి పడేలోపు పంటు మీదికి పోవాలి. వరద ఎర్రనీరు వచ్చి గుమ్మం మూసే రోజు దాకా అంతే. ఆ రోజు ఉంచడమో పంపడమో తేలుస్తారు.

తేల్చేది చేపలే. ఊరివాళ్ళ మీద చిమ్మవు, పరాయివాళ్ళ ముఖాన చిమ్ముతాయి. కొత్తవాళ్ళ మీద చిమ్మడం మానేస్తే ఇక వాళ్ళూ మావాళ్ళే. ఈ సంగతి వచ్చినవాళ్ళకు చెప్పకూడదు. చెబితే ముఖం తిప్పుకుని నడుస్తారట.

పెద్దలిచ్చిన పలకలో రెండే గుర్తులు. చిమ్మితే అడ్డగీత, చిమ్మకపోతే సున్నా. నేను గీయగానే అది సత్తిరాజు గారింట్లో పలకలో కనబడుతుంది. మిగతా మాటలకు అందులో చోటు లేదు. లోపల పెట్టుకుంటే నాకు నిద్ర పట్టదు. రెండో తరగతి చదివిన చేత్తోనే నా సొంత పాత పలకలో రాసుకుంటున్నాను.

మృగశిర నడుమ. ఉక్క

లోవమ్మకు ఇప్పటిదాకా అన్నీ సున్నాలే. మంచిదే.

దిగులు వేరే వైపు నుంచి వచ్చింది. దీపాల అన్నవరం ఊరంతా కొత్త దీపాలు బిగించాడు. చల్లదీపాలట. వాటికి పురుగు రాదు. పసుపు దీపాలున్నప్పుడు గుమ్మం దగ్గర సాయంత్రమైతే ఉసిళ్ళూ ఈగలూ ముసురుకునేవి, చేపలకు పండగగా ఉండేది. ఇప్పుడు దోమ కూడా లేదు. ఊళ్ళో అందరూ ఆరుబయట పడుకుని అన్నవరాన్ని దీవిస్తున్నారు. నేను కూడా రెండు రోజులు దీవించాను.

ఇవాళ కాలువ పాచి తీస్తూ చూశాను. చేపల వీపు మీద ఎముక కనబడుతోంది. ఒకటి కొమ్మకున్న ఎండుటాకు మీద చిమ్మిందే చిమ్మింది. ఆకు కదిలితే పురుగనుకుంది పాపం.

అన్నవరం నిచ్చెన మోసుకుంటూ వెళ్తుంటే చెప్పాను.

“అన్నవరం, చేపలు చిక్కిపోయాయిరా. గుమ్మం దగ్గర ఒక్క పాత దీపం ఉంచకూడదూ.”

“మీకు దిగులు పడ్డానికి పీపాలు చాలటం లేదాండి మామ్మగారూ. చేపలకు నీళ్ళు లేవా, నాచు లేదా. అయ్యే చూసుకుంటాయండి.”

“నాచు తినవురా అవి.”

“ఆకలేస్తే తింటాయండి. నేను మా ఆవిడ వంట తినట్లేదేంటి.”

నవ్వుకుంటూ పోయాడు. నాకు నవ్వు రాలేదు.

ఆరుద్ర. మొదటి వాన

చేయకూడని పని చేశాను. ఎండురొయ్యలు నలిపి కొంగున కట్టుకుని వెళ్ళి చేపలకు వేశాను. గుమ్మం చేపకు చేతిమేత పెట్టకూడదు. పెడితే దాని తీర్పు చెడిపోతుందంటారు. ఎవరైనా చూస్తారేమోనని వంగి, బల్ల తుడుస్తున్నట్టు ఒక చేత్తో గుడ్డ ఆడిస్తూ రెండో చేత్తో వేశాను. ఎన్నేళ్ళ నుంచో కాపలా కాస్తున్నాను గాని అవి తినడం ఇంత దగ్గరగా చూడలేదు. ముందు బెదిరాయి. తర్వాత వేళ్ళ దాకా వచ్చాయి.

ఇంటికొచ్చాక ఒకటే ఆలోచన. ఆ మేతకు తీర్పు చెడి ఊళ్ళోకి ఏ దొంగో చొరబడితే ఆ పాపం నాదే. అయినా రేపు కూడా వేస్తానని నాకు తెలుసు.

ఆరుద్ర చివర. రోజంతా జల్లు

లోవమ్మ పేరున మొదటి అడ్డగీత గీశాను.

చెరకు గంపతో వస్తోంది. బల్ల నడుమకు వచ్చేసరికి చుయ్యిమని నీటిచార వచ్చి బుగ్గ మీద పడింది. నా ప్రాణం ఉసూరుమంది. ఇన్నాళ్ళూ లేనిది, ఇప్పుడేమిటి. ఆమె మాత్రం గంప దించి పకపకా నవ్వింది.

“చూశారేటి పిన్నిగోరూ. నన్ను పలకరించింది.”

నేను బల్ల మీది ఆకులు ఏరుతున్నట్టు వంగాను.

“మా ఊళ్ళో మనుషులే పలకరించేవోరు కాదు. ఇక్కడ చేపకైనా నానంటే గిట్టింది. మంచి ఊరికే వొచ్చాను.”

తడి తుడుచుకోలేదు. అలాగే లోపలికి వెళ్ళింది. ఆమె వెనక నుంచి నేను పలక తీసి గీత గీశాను. గీత వంకరగా వచ్చింది. గీసినది చెరపడానికి ఉండదు.

పునర్వసు మొదట్లో. మబ్బు

ఎలా రాయాలో తెలియడం లేదు. చేపలు నా మీద చిమ్మాయి.

ఉదయాన్నే, ఎవరూ లేని వేళ. ఎప్పటిలా కొంగు ముడి విప్పుతూ బల్ల మీద వంగాను. ఒకటి కాదు, రెండు మూడు చారలు. కంటి కింద, ముక్కు మీద. కొంగు ముడి అలాగే పట్టుకుని ఇంటికి పరుగెత్తాను. ఈ వయసులో పరుగు.

తలుపు వేసుకుని కూర్చున్నాను. నేనేం చేశానని వెతుక్కున్నాను. చేతిమేత పెట్టినందుకు శిక్షా? కిందటేడు సత్తిరాజు గారి భార్య గురించి ఒక మాట అన్నాను, అదా? లేక ముసలితనంలో ముఖం మారిపోయిందా? అద్దంలో చూసుకున్నాను. ఎప్పటి ముఖమే, కాస్త భయపడింది.

పరాయివాళ్ళ మీద చిమ్ముతాయి అంటుంది నియమం. కొత్తగా వచ్చినవాళ్ళ మీద మాత్రమే అనదు. నాకు పిల్లలు లేరు, మనిషి పోయి చాలా కాలమైంది. పంపేస్తే పడవలో ఎటు పోవాలి. ఆ నీళ్ళలో మూడు రోజులు పోతే గాని నేల కనబడదంటారు.

నా పేరున పలకలో గీత గీయలేదు. ఊరివాళ్ళకు పలకలో గడే లేదని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట నిజమే. నిజమైనా చెప్పుకుంటుంటే సిగ్గేసింది.

పునర్వసు. ఎండ

గిడుగు వేసుకుని తిరుగుతున్నాను. తాటాకు గిడుగు తల నుంచి వీపు దాకా కప్పుతుంది, ముందుకు లాక్కుంటే ముఖం కూడా కనబడదు. వానలో అయితే బాగానే ఉండేది. ఇవాళ ఎర్రటి ఎండ.

“మామ్మగారండీ,” అని పైనుంచి అరిచాడు అన్నవరం. గుమ్మం దగ్గరి స్తంభమెక్కి దీపం తుడుస్తున్నాడు. “వాన ఎక్కడ పడతందండీ. మీకొక్కరికే పంపించేరా.”

“పడుతుందిలే.”

“ఆయ్, పడుద్దండి. వచ్చే నెల్లో.”

కింద నలుగురూ నవ్వారు. నేను గిడుగు ఇంకాస్త ముందుకు లాక్కున్నాను. దాని మీద టప్‌మని చప్పుడు. చేపలే. అన్నవరం పైనున్నాడు, మిగతావాళ్ళు అతని వంకే చూస్తున్నారు, ఎవరూ గమనించలేదు. ఎవరైనా చూశారేమోనని రాత్రి అన్నం తినలేకపోయాను.

లోవమ్మకు మళ్ళీ అడ్డగీత. ఇప్పుడు రోజూ అడ్డగీతే. నాకు పడిన చారలు గిడుగు కింద దాచి, ఆమెకు పడినవి లెక్కగా పలకలో గీస్తున్నాను. ఇప్పుడు గీతలు తిన్నగానే వస్తున్నాయి.

పునర్వసు, ఇంకో రోజు. ముసురు

లోవమ్మ మా అరుగు మీద కూర్చుని నాకు తాడు పేని పెట్టింది. అడగకుండానే వచ్చింది. నా వేళ్ళు బిగుసుకుపోయాయని ఎలా చూసిందో.

“పిన్నిగోరూ, ఎర్రనీరొచ్చినప్పుడు నన్ను లోపలికి రమ్మంటారంటగా. ఇల్లిస్తారేటి, పెద్దోరు?”

“ముందు ఆ రోజు రానీ అమ్మాయ్.”

“నాకు పెద్ద ఇల్లొద్దు. చాప పరిస్తే చాలు. మా ఆయన పోయినకాడి నుంచి ఏ గుమ్మంలోకి ఎల్లినా అటు కూకో, ఇటు కూకో అన్నోరేగాని, ఎలాగున్నావని అడిగినోరు లేరు. ఈ పంటు మీద ఒక్కదాన్నే పడుకుంటే బయమేస్తాది గాని, తెల్లారితే చేపలు పలకరిస్తాయి కదా అని కళ్ళు మూసుకుంటాను.”

చెప్పేద్దామా అనుకున్నాను. అది పలకరింపు కాదు తల్లీ, నీ మీద గీసే గీత అని. నాలుక చివరి దాకా వచ్చింది. చెప్పకూడదన్న నియమం ఉంది కదా అనుకున్నాను. నియమానికి భయపడలేదు నేను. చెబితే ఆమె నా ముఖం వంక చూస్తుంది, నా ముఖానా తడి ఉందేమిటని అడుగుతుంది. దానికి భయపడ్డాను.

“తాడు బాగా పేనావు,” అన్నాను.

పుష్యమి. తెల్లవారకుండానే వాన వెలిసింది

ఇవాళ చూశాను.

చిమ్ముతున్నా మేత మానలేకపోయాను. మామూలుకంటే ముందే వెళ్ళాను. పంటు చివర లోవమ్మ గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో కొబ్బరిచిప్ప. అందులోంచి ఏదో తీసి నీళ్ళలోకి వేస్తోంది. చేపలన్నీ ఆమె చెయ్యి కింద గుంపు కట్టాయి. ఒకటి ఆగలేక ఆమె గడ్డం మీద చిమ్మింది.

“ఉండవే, ఇస్తన్నాను. తొందరేటి. నీకిందాకే పెట్టాను, ఆ ముందున్నదానికి పెట్టలేదు.”

నన్ను చూసి చిప్ప చూపించింది. నిండా బొద్దింకలు.

“పంటు కింద తెగ ఉన్నాయి పిన్నిగోరూ. నన్ను నిద్రపోనివ్వట్లేదు. పాపం ఈటికి తిండి లేదు, ఈపులు చూడండి. ఆటిని ఈటికి పెడితే నాకూ మంచిది, ఈటికీ మంచిది.”

“ఎప్పట్నుంచి పెడుతున్నావు?”

“ఆరుద్రలో ఎప్పుడో. మొదట్లో నన్నెరగవు. ఇప్పుడు నా మొకం కనబడితే చాలు, పెట్టు పెట్టు అని చిమ్ముతాయి.”

ఆమె అలవాటుగా అన్న మాట అది. నేను అక్కడే బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయాను.

నేనూ ఆరుద్రలోనే మొదలుపెట్టాను. పెట్టేవాళ్ళం ఇద్దరమే. చిమ్మేది ఇద్దరి మీదే. ఇంత ఊళ్ళో ఇంకెవరి మీదా చిమ్మడం లేదు. ఎందుకంటే ఇంకెవరూ వాటికి ఒక్క ఈగ రెక్క కూడా పెట్టలేదు. పురుగును కొట్టినట్టే మమ్మల్నీ కొడుతున్నాయి, కొడితే తిండి పడుతుందని. మా ముఖాలు వాటికి తెలుసు గనక.

మిగతావాళ్ళ ముఖాలు తెలియవు. మేమంతా వాటికి తెలుసుననుకుని ఇన్నేళ్ళు బల్ల మీద తలెత్తుకుని నడిచాం.

నేను ఈ ఊరికి వచ్చినప్పుడు నాకు ఒక్క అడ్డగీత కూడా పడలేదు. అప్పట్లో దాని గురించి గొప్పగా చెప్పుకునేవారు. నేనూ వింటూ మురిసేదాన్ని. ఆ రోజుల్లో చేపలంటే భయమేసి బల్ల మీద ఒక్క క్షణం ఆగలేదు, వాటి వంక చూడలేదు. ఏమీ పెట్టలేదు. అందుకే నన్ను ఉంచారు. అందుకే కాపలా కూడా ఇచ్చారు.

పుష్యమి, రెండు రోజుల తర్వాత

సత్తిరాజు గారికి చెప్పాలని బయలుదేరాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆయన వాకిట్లో వల బాగుచేస్తున్నారు. నన్ను చూసి లేచారు. అదే నా కొంప ముంచింది. మంచం మీద తుండు పరిచి కూర్చోమన్నారు.

“చెప్పండి పెద్దమ్మగారూ. మీరు ఇంత దూరం వచ్చారంటే ఏదో ఉంది.”

“ఆ చేపల సంగతి బాబూ.”

“ఆయ్. ఆ మెట్టావిడకు అడ్డగీతలు పడిపోతున్నాయి, చూస్తానే ఉన్నానండి. ఏం చేస్తాం. మనసుకు కష్టంగానే ఉంటది. మిమ్మల్ని చూస్తే మా నాన్న గుర్తొస్తారండి. సూరాయమ్మ అంటే ఒక్క గీత లేని మనిషిరా అనేవోరు. మా పిల్లలక్కూడా అదే చెప్తున్నాను.”

గిడుగు ఒళ్ళో పెట్టుకుని దాని ఆకులు సర్దుతూ కూర్చున్నాను.

“చేపల సంగతి ఏదో అన్నారు.”

“మూల పీపా బరువుగా మోగుతోంది బాబూ,” అన్నాను.

సాయంత్రం అన్నవరాన్ని పంపించారు. అతను నడుం లోతు నీళ్ళలో దిగి పీపా చుట్టూ తడిమి, చెవి ఆనించి, పైకొచ్చి, “బంగారంలా ఉందండి మీ పీపా, మీరు ధైర్యంగా పడుకోండి,” అన్నాడు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి అతనికి. మంచి మనిషి. అతనికి వేడినీళ్ళు ఇచ్చి లోపలికెళ్ళి ఏడ్చాను.

ఆశ్లేష. ఎర్రనీరు వచ్చింది

తీరుబడిగా రాయాలి. ఏదీ వదలకూడదు.

పొద్దున్నే నీళ్ళ రంగు మారింది. గుమ్మం మూయడానికి తలుపు చెక్కలు తెచ్చారు. ఊరంతా కాలువ ఇవతల నిలబడింది. లోవమ్మను బల్ల మీద నడవమన్నారు. ఆమె ఉతికిన చీర కట్టుకుంది. మూటా చాపా చంకన పెట్టుకుని వచ్చింది, ఇక లోపలికే కదా అని.

నడుమకు రాగానే చిమ్మాయి. ఒకదాని తర్వాత ఒకటి, ముఖమంతా. ఆమె నవ్వుతూ మావైపు చూసింది, చూశారా అన్నట్టు. మాలో ఎవరూ నవ్వలేదు. కొందరు నేల చూపులు చూశారు. ఆమె నవ్వు సగంలో ఆగింది.

సత్తిరాజు గారు మెత్తగానే చెప్పారు. చేపలు ఒప్పుకోలేదమ్మా, ఊరి నియమం, పడవలో వారానికి సరిపడా బియ్యం పెట్టించాం, అన్నారు.

“ఒప్పుకోకపోవటమేటి?” అంది. “రోజూ పలకరిస్తాయి కదండి.”

“అది పలకరింపు కాదమ్మా. పరాయివాళ్ళ మీదే చిమ్ముతాయి.”

ఆమె తడి ముఖంతో అలాగే నిలబడింది. తర్వాత నా వంక చూసింది. ఇంకెవరి వంకా చూడలేదు. పిన్నిగోరికి తెలుసా ఇది, అన్న చూపు. ఆ చూపుకు నేను తల దించుకున్నాను. దానికి జవాబు అదే అయింది.

ఆమె ఎవరినీ బతిమాలలేదు. వెనక్కి తిరిగింది. అన్నవరం పడవ తాడు పట్టుకుని ఉన్నాడు. ఆమె ఒక కాలు పడవలో పెట్టింది. ఎర్రనీళ్ళలో చెట్లు కొట్టుకుపోతున్నాయి. ఆ నీళ్ళలోకే ఆమెను దింపుతున్నాం.

నా కాళ్ళు ఎలా కదిలాయో తెలియదు. గిడుగు తీసి నేల మీద పెట్టి బల్ల ఎక్కాను. నాలుగు అడుగులు వేశానో లేదో చార వచ్చి నుదుటి మీద పడింది. తర్వాత ఇంకోటి. కళ్ళు మూసుకోలేదు.

ఎవరో “అయ్యో, మామ్మగారు” అన్నారు. అంతా గుసగుసలు.

“పెద్దమ్మగారూ, దిగిరండి,” అన్నారు సత్తిరాజు గారు. “వయసు మళ్ళింది కదా, చేపలకు ఆనవాలు దొరకలేదు. దాని గురించి ఎవరూ ఏమీ అనరు.”

“పునర్వసు నుంచి చిమ్ముతున్నాయి బాబూ. గిడుగు కింద దాచుకున్నాను. ఆవిడకు గీతలు గీశాను, నా సంగతి దాచాను.”

“ఎందుకు చిమ్ముతాయండి మీ మీద?”

“మేత పెట్టాను. ఆవిడా పెట్టింది. ఈ ఊళ్ళో పెట్టింది మేమిద్దరమే.”

“చేతిమేత పెట్టకూడదని మీకు తెలీదాండీ?”

“తెలుసు. చిక్కిపోయాయి, చూడలేకపోయాను.”

“మరదే. మేతతో తీర్పు చెడిపోయింది,” అన్నాడు వెనక నుంచి ఒకాయన. కొందరు అవునన్నారు. నలుగురిలో నాకెప్పుడూ మాట తట్టదు. ఒక్కచోట నిలబడలేక బల్ల మీద అటు చివరకు నడిచాను. మళ్ళీ ఇటు నడిచాను.

అప్పుడు అన్నవరం అన్నాడు. “సత్తిరాజు గారూ, కిందకి చూడండి.”

చేపలు నాతో నడుస్తున్నాయి. నేను అటు వెళ్తే గుంపంతా అటు, ఇటు వస్తే ఇటు. అన్నవరం పడవ దగ్గర్నుంచే లోవమ్మను బల్ల అవతలి కొసకు రమ్మన్నాడు. ఆమె కదల్లేదు. రెండోసారి చెప్పాక వచ్చి నిలబడింది. గుంపు సగానికి చీలింది. సగం ఆమె కింద, సగం నా కింద.

“ఇప్పుడు మీరు ఎక్కండి,” అన్నాడు.

సత్తిరాజు గారు బల్ల ఎక్కి నడుమ నిలబడ్డారు. తాతల నాటి నుంచి ఊరికి పెద్దలు వాళ్ళు. ఆయన కింద ఉత్త నీళ్ళు. ఒక్క మూతి కూడా పైకి రాలేదు. ఆయన కాస్త పక్కకు జరిగారు. అక్కడా నీళ్ళే. తలొంచుకుని ఆ నీళ్ళలోకి చాలాసేపు చూశారు. ఊరంతా ఆయన్ని చూస్తోంది.

“వీటికి మేమెవరమో తెలియదన్నమాట,” అన్నారు చివరికి, తనలో తాను అనుకున్నట్టు.

“పెట్టలేదు కదండి,” అన్నాడు అన్నవరం. “నేనైతే ఉన్న తిండి కూడా లాగేసేను. ఆ దీపాలు పెట్టింది నేనేగా.”

నియమం తీసేశారని చెప్పలేను. పెద్దలు కూర్చుని మాట్లాడాలన్నారు. ఇవాళ్టికి మాత్రం గుమ్మం మూసేముందు లోవమ్మను లోపలికి రానిచ్చారు. కావలి నా చేతిలోంచి తీసుకున్నారు. గీతలు దాచినందుకు. పలక ఇచ్చేశాను.

ఎవరింట్లో ఉంటుంది ఈవిడ, అని అడిగారు సత్తిరాజు గారు. నేను వెంటనే, “మా ఇంట్లో చోటుంది. నేనొక్కదాన్నే,” అన్నాను. అందరి ముందు నేను అంత గట్టిగా మాట్లాడడం అదే మొదలు.

లోవమ్మ నా వంక చూడకుండా కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇన్నాళ్ళలో ఆమె ఆ తడి తుడుచుకోవడం నేను చూడడం ఇదే మొదటిసారి.

“వొద్దండి,” అంది. “ఆవిడింటికి నాను రాను. ఆ దీపాలాయన నాను కొట్టుకుపోకుండా పడవ తాడు ఇప్పటిదాకా వొదల్లేదు. ఆళ్ళ వసారాలో ఉంటాను.”

ఆశ్లేష. వరద నిలబడింది

నా ఇల్లు గట్టిగానే ఉంది. పీపాలు తట్టలేదు ఇవాళ. తట్టలేదని సాయంత్రం గుర్తొచ్చింది.

అన్నవరం గుమ్మం దగ్గర ఒక పసుపు దీపం బిగించాడట. దోమలు వస్తున్నాయని కొందరు సణుగుతున్నారట. బల్ల దగ్గర సత్తిరాజు గారి పెద్ద కోడలు పిండి ఉండలు పట్టుకుని నిలబడితే చేపలు దగ్గరికి రాలేదట. ఇవన్నీ విన్న మాటలు. నేను అటు వెళ్ళలేదు.

మధ్యాహ్నం గెనుసుగడ్డలు ఉడకబెట్టి, పైన ఉప్పు చల్లి, గుడ్డలో కట్టుకుని అన్నవరం ఇంటికి వెళ్ళాను. వసారాలో లోవమ్మ వల కుడుతోంది. నన్ను చూసి సూది ఆపింది.

“వేడిగా ఉన్నాయి అమ్మాయ్,” అన్నాను.

లేచి వచ్చి రెండు చేతులతో అందుకుంది. మర్యాదగానే. “నాకు ముందే సెప్పుంటే ఏటయ్యేది పిన్నిగోరూ,” అంది. కోపంగా అనలేదు. తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది.

“నాకు భయమేసింది.”

“నాకూ బయమేసేది కదా, పంటు మీద. మీతో సెప్పాను కూడా.”

ఆమె మూట విప్పి గడ్డలు వాళ్ళ చిప్పలో పోసి, గుడ్డ మడిచి నా చేతికిచ్చింది. మళ్ళీ వెళ్ళి వల ముందు కూర్చుంది. పక్కన ఇంకో పీట ఉంది. కూర్చోమంటుందేమోనని కాసేపు నిలబడ్డాను. ఆమె సూదిలో దారం ఎక్కించుకుంటోంది. ఎక్కింది. కుట్టడం మొదలుపెట్టింది.

గుడ్డ పట్టుకుని వచ్చేశాను.